చదువుకొన్న పరదేశము

మా వైపు పల్లెలలో దుబాయి అనునది ఒక నగరము పేరు కాదు. కోరుట్లలోగాని, మెట్‌పల్లిలోగాని, గోదావరి దాటి ఖానాపూరులోగాని ఒక ఇంటి ముందు నిలిచి ఇంటాయన ఎక్కడ ఉన్నాడని అడిగినచో, "దుబాయి పోయిండు" అని సమాధానము వచ్చును. ఆయన ఉన్నది సౌదీ అరేబియాలో కావచ్చును, మస్కటులో కావచ్చును, బహ్రైనులో కావచ్చును. పొట్ట చేతబట్టుకొని పోవు ఎడారి దేశములన్నిటికిని అదియే పేరు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు బాయిలను కలిపి చెప్పుకొనుట కరీంనగరము, ఆదిలాబాదు జిల్లాలలో అందరును ఎరిగినదే. మొదటిది సింగరేణి, రెండవది మిల్లులు, మగ్గములు ఉన్న మహానగరము, మూడవది 1973లో చమురు ధర పెరిగిన పిమ్మట తెరచుకొన్నది.

ఈ మూడవ బాయిని గురించి రేడియోలోను, పత్రికలలోను చాల చెప్పబడినది. ఏజెంట్ల మోసములు, తీరని అప్పులు, విమానములో తిరిగివచ్చు శవపేటికలు - ఇవి చెప్పక తప్పని మాటలే. అయితే ఎవరును అంతగా తలచని ఒక చిన్న గుంపు కూడ ఉన్నది. తండ్రితోపాటు ఆ దేశమునకు పోయి, అక్కడి బడిలో అక్షరములు దిద్ది, పెద్దవారైన తరువాత ఆ దేశమునకే మరల పోవు పిల్లల గుంపు. అందులో మేమును ఒకరము. కావున స్వానుభవము కొంత, అడిగి తెలిసికొన్నది కొంత కలిపి ఇక్కడ చెప్పుచున్నాము.

మా తండ్రిగారు పాలిటెక్నిక్ చదివి, కువైటులో ఒక నిర్మాణ సంస్థలో నక్షలు గీయు పనికి కుదిరినారు. తెలుగునాటనుండి కువైటునకు కడప, గోదావరి జిల్లాలవారే ఎక్కువగా పోయినారు; మా జిల్లాలవారు అక్కడ తక్కువ. భార్యను, పిల్లలను తెచ్చుకొనవలెనన్నచో జీతము ఇంతకు తగ్గకుండ ఉండవలెనని ఆ దేశములలో ఒక గీత ఉండును. మా తండ్రిగారు ఆ గీతకు కొంచెము పైన ఉండిరి. గీతకు దిగువ ఉన్నవారు కాంపులలో, ఒక్కొక్క గదిలో ఎనమండుగురు పదిమంది చొప్పున ఉండెడివారు.

శుక్రవారము సెలవు. ఆనాడు మా వైపువారు నలుగురైదుగురు బస్సులు మారి మా ఇంటికి భోజనమునకు వచ్చెడివారు. అమ్మ పచ్చిపులుసు చేసెడిది. అన్నము తిన్న తరువాత వారు మమ్ము దగ్గర కూర్చుండబెట్టుకొని, మా నోటుపుస్తకములు ఒక్కొక్క పుట తిరుగవేసి చూచెడివారు. చదువురానివారు కూడ చూచెడివారు. "నా కొడుకు గూడ గింతే ఉండచ్చు గదనే అన్నా" అని ఒకాయన మా తండ్రిగారిని అడుగుట మాకు బాగుగ జ్ఞాపకమున్నది. ఆయన కుమారుడు ఆ సమయమున రాయికల్ బడిలో చదువుచుండెను. ఏ తరగతియో ఆయనకు తెలియదు. మా బాల్యము ఆ మనుష్యులకు లేనిదానితో కొనబడినదని అప్పుడు మాకేమి తెలియును? మా పుస్తకములకు నూనె మరకలు అంటుచున్నవని మాత్రము విసుగుకొనెడివారము.

బడి సాల్మియా పేటలో అద్దెకు తీసికొన్న ఒక పెద్ద ఇల్లు. తరగతిలో మలయాళీలు సగము. గోవావారు, తమిళులు, గుజరాతీలు మిగిలిన సగము. తెలుగు పిల్లలము ఇద్దరమే. పాఠములు ఇంగ్లీషులో, రెండవ భాష హిందీ. అరబ్బీ కూడ కొంత నేర్పెడివారు. అరబ్బీ చెప్పునామె పాలస్తీనావారు. ఆమెవద్ద నేర్చిన అక్షరములతో మేము మొదటి పర్యాయము ఊరికి వచ్చినపుడు ఒక వింత జరిగినది.

మా తాతగారు నిజాముల కాలములో ఉర్దూ మాధ్యమమున చదివినవారు. ఆనాటి తెలంగాణమున అది సామాన్యమే. సిరిసిల్ల చెంత హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు సైతము బడిలో ఉర్దూ మాధ్యమముననే చదివి, తరువాత తెలుగు కవియై, 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము పొందినారు. తాతగారు మా అరబ్బీ వాచకమును చేత పట్టుకొని గడగడ చదివివేసినారు. అర్థము మాత్రము ఒక్క ముక్కయు తెలియదు. తిరిగి ఇచ్చుచు, "ఇండ్ల పే లేదు, చే లేదు, గాఫు లేదు. గివి లేకుంట గీళ్లెట్ల మాట్లాడుతరుర?" అని అడిగినారు. ఆ ధ్వనులు ప్రామాణికమైన అరబ్బీలో లేవు. పారసీకము, ఉర్దూ తమకు కావలసిన అక్షరములను అరబ్బీ లిపికి చేర్చుకొన్నవి. మాకది తెలియదు గనుక మా పుస్తకము పిల్లల పుస్తకమని, పెద్ద తరగతులలో ఆ అక్షరములు వచ్చునని చెప్పినాము.

ఆలోచించి చూచిన, తాతగారు చదువుకొన్న దేశము కూడ తరువాత మిగులలేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసినది. 1956 నవంబరు 1న ఆ రాష్ట్రము మూడు భాగములై ఆంధ్ర, బొంబాయి, మైసూరు రాష్ట్రములలో చేరినది. ఆదిలాబాదు జిల్లాలోని రాజురా, కిన్వట్ తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయినవి. కిన్వట్‌లోని మనిషి ఇల్లు కదలకుండగనే రాష్ట్రము మారినాడు. అయినను అతని బడి అతని కన్నుల ఎదుటనే ఉండెను; అతనిని ఎరిగినవారు అతని చుట్టునే ఉండిరి. ఈ తేడా ఎంతటిదో మాకు చాల ఆలస్యముగ తెలిసినది.

1990 ఆగస్టు 2, గురువారము. బడికి వేసవి సెలవులు. మాకు 9 ఏండ్లు. సగము తరగతి స్వదేశమునకు పోయియుండెను. ఆ యేడు తండ్రిగారికి సెలవు దొరకనందున మేము కువైటులోనే ఉన్నాము. తెల్లవారుజామున ఇరాకు సైన్యము సరిహద్దు దాటి వచ్చినది. ఆ నెల దినములు మా ఇంటిలోని చిన్న షార్టువేవు ట్రాన్సిస్టరే ఇంటికి పెద్ద. బి.బి.సి. హిందీ వార్తల వేళకు నాలుగిండ్లవారు మా గదిలో చేరెడివారు. బ్యాటరీలు అయిపోవునని పాటలు పెట్టనిచ్చెడివారు కారు. ఇక్కడ ఊరిలో తాతగారు ఢిల్లీనుండి వచ్చు తెలుగు వార్తలకు చెవి ఒగ్గి కూర్చుండిరట. ఒకే సంగతిని రెండు చోట్ల రెండు భాషలలో వినుచు, ఒకరి క్షేమము ఒకరికి తెలియక ఉన్న నెల అది. రేడియో ఉద్యోగములో చేరిన తరువాత, వార్తలలో ఒక ఊరి పేరు తప్పు పలికినవారిపై మాకు కలుగు కోపమునకు మూలము అక్కడనే ఉన్నది కాబోలు.

అప్పటికి కువైటులో ఉన్న భారతీయులు సుమారు 1,70,000. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాదునకు, కువైటునకు పోయి మాటలాడి వచ్చినారు. బస్సులలో బస్రా, బాగ్దాదు, అక్కడినుండి జోర్డాను సరిహద్దు, గుడారములు, నీటికి వరుసలు, చివరకు అమ్మాను. అమ్మాను నుండి బొంబాయికి మన విమానములు ఆగస్టు మధ్యనుండి అక్టోబరు వరకు తిరిగి లక్షకు మించిన జనమును చేర్చినవి. పౌర విమానములతో జరిగిన తరలింపులలో ఇది మిక్కిలి పెద్దదని గిన్నిస్ పుస్తకమునకు ఎక్కినది. మేము సెప్టెంబరులో వచ్చినాము. బొంబాయినుండి సికింద్రాబాదునకు రైలు. కరీంనగరమునకు అప్పటికి రైలు లేదు, బస్సు. మా బడి సంచి సాల్మియాలోనే ఉండిపోయినది.

కరీంనగరములో బడి పెద్దసారు బదిలీ పత్రము అడిగినారు. ఆ పత్రము ఇవ్వవలసిన బడి యుద్ధములో ఉన్నదని తండ్రిగారు చెప్పినారు. ఆయన మాకొక తెలుగు పుస్తకమిచ్చి చదువుమన్నారు. ఇంటిలో నేర్చిన తెలుగు మాటలాడుటకు చాలినదిగాని, వత్తులు దాటుటకు చాలలేదు. ఒక తరగతి క్రిందికి దింపి చేర్చుకొన్నారు. పిల్లలు మాకు పెట్టిన పేరు "దుబాయి పోరడు". కువైటు వేరు, దుబాయి వేరు అని రెండు నెలలు వాదించి విడిచిపెట్టినాము. మొదటి ఆదివారమునాడు తెల్లవారగనే స్నానము చేసి సంచి తగిలించుకొని గడపలో నిలుచుంటిమి; శుక్రవారము సెలవని పెరిగిన ఒడలికి ఆదివారము సెలవని తెలియలేదు. (కువైటు 2007లో శుక్ర, శనివారములను సెలవుగ చేసికొన్నది. ఎమిరేట్లు 2022 జనవరి నుండి శని, ఆదివారములకు మారినవి. నేటి పిల్లలకు ఈ తికమక కొంత తగ్గియుండును.)

ఆ ప్రయాణమునకు ఒక పరిహారము కూడ దొరికినది. 1991లో భద్రతా మండలి ఒక నష్టపరిహార సంఘమును నెలకొల్పి, ఇరాకు చమురు రాబడిలో కొంత భాగమును దానికి మళ్లించినది. ఇరాకునుగాని కువైటునుగాని విడువవలసి వచ్చినవారికి వ్యక్తికి 2,500 డాలర్లు, కుటుంబమునకు 5,000 డాలర్లు. మరి కొన్ని పద్దుల క్రింద ఏమియు అడుగబోమని వ్రాసి ఇచ్చినవారికి 4,000, 8,000. 1990 దశాబ్దపు రెండవ సగములో ఆ సొమ్ము మన ప్రభుత్వము ద్వారా మా ఇంటికి చేరినది. ఆ సంఘము తన చివరి వాయిదాను 2022 జనవరిలో చెల్లించినది; మొత్తము 5,240 కోట్ల డాలర్లు. మా తండ్రిగారికి అక్కరకు వచ్చినది పాత పాస్‌పోర్టుపై ఉన్న నివాసపు ముద్రయు, జోర్డాను ముద్రయు మాత్రమే. ఎడారి దేశములలో ఉండి వచ్చినవారి ఇండ్లలో గడువు తీరిన పాస్‌పోర్టులను పిల్లలకు ఆటవస్తువులుగ ఇచ్చుట మేము చూచినాము. అటులు ఇవ్వవలదు. ఒక మనిషి ఒక దేశములో ఉండెనని చెప్పు సాక్ష్యము పెక్కుమారులు అదియొక్కటే.

మాకొక తమ్ముడున్నాడు. 1985లో కువైటు ఆసుపత్రిలో పుట్టినాడు. 2010లో ఇంజనీరుగ ఉద్యోగము దొరికి ఆ దేశమునకే పోయినాడు. ఇంటిలో అందరును "పుట్టినచోటికి పోతుండు" అన్నారు. అక్కడి ప్రభుత్వము మాత్రము అటులు అనలేదు. కొత్తగా పోవు మనిషికి ఏమేమి ఉండునో అవన్నియు ఉండెను - హైదరాబాదులో వైద్య పరీక్ష, పోలీసువారి పత్రము, వ్రేలిముద్రలు, యజమాని పేర వీసా. పాస్‌పోర్టులో పుట్టిన స్థలము అను గడిలో కువైటు అని ఉన్నది. ఆ గడికి ఎవరును విలువ కట్టలేదు. ఆ దేశములలో పౌరసత్వము ప్రధానముగ తండ్రి రక్తమునుబట్టి వచ్చును; నేలనుబట్టి రాదు. ఇప్పుడు అతనికి ఇచ్చిన సివిల్ ఐడీ సంఖ్యలో పుట్టిన సంవత్సరము, నెల, దినము ఇమిడియున్నవి. పుట్టిన చోటు లేదు.

దీని వెనుకనున్న ఏర్పాటును కొంచెము వివరింపవలెను. ఎడారి దేశములలో పరదేశి నివాసము అతని స్వంతము కాదు. అది ఉద్యోగమునకు కట్టిన తాడు. నివాస పత్రమును ఇఖామా అందురు, పూచీపడిన యజమానిని కఫీల్ అందురు. తండ్రి ఇఖామా యజమానితో ముడిపడి ఉండగా, పిల్లవాని ఇఖామా తండ్రితో ముడిపడి ఉండును. పిల్లవాడు బడిలో ఎంత బాగుగ చదివినను, ఆ దేశపు భాష ఎంత చక్కగ మాటలాడినను ఆ ముడి మారదు. తండ్రి ఉద్యోగము పోయిననాడు బడియు పోవును. లేదా కుమారునికి ఈడు వచ్చిననాడు పోవును. ఎమిరేట్లలో చాలకాలము కుమారునికి 18 ఏండ్లు నిండువరకే, చదువుచున్నచో 21 వరకు, తండ్రి పూచీ చెల్లెడిది. కుమార్తెకు పెండ్లి అగువరకు చెల్లెడిది. 2022 అక్టోబరులో కుమారుల ఈడును 25 ఏండ్లకు పెంచినారు. ఇది చిన్న మార్పుగ తోచవచ్చును. పండ్రెండవ తరగతి పరీక్షలు వ్రాయుచున్న పిల్లవాడు పుట్టినరోజు వచ్చుచున్నదని భయపడిన కాలమును ఎరిగినవారికి అది చిన్నది కాదు.

సొమ్ము గీత కూడ కదలుచుండును. కువైటు 2016లో కుటుంబమును తెచ్చుకొను జీతపు గీతను 250 దినారులనుండి 450కి, 2024 జనవరిలో 800కు పెంచినది. కొన్ని వృత్తులకు మినహాయింపులు ఇచ్చినది. సౌదీ అరేబియా వేరొక మార్గము పట్టినది. 2017 జూలైనుండి పరదేశి కుటుంబములో తలకు నెలకు 100 రియాళ్లు రుసుము విధించి, ఏటేట 100 పెంచుచు 2020 నాటికి 400 చేసినది. భార్యయు ముగ్గురు పిల్లలును ఉన్న మనిషికి నెలకు 1,600 రియాళ్లు. ఎందరో కుటుంబములను వెనుకకు పంపివేసినారు. జగిత్యాల, నిర్మల్ వైపు బడులలో చేరి, వత్తుల దగ్గర నిలిచిపోయిన ఆ పిల్లలను చూచినపుడు మాకు మా పెద్దసారు జ్ఞాపకము వచ్చినారు. ఒక్క మాట. ఆ పిల్లలను తరగతి దింపుటకు ముందు ఒక మూడు నెలలు తెలుగు నేర్పి చూడుడు. మమ్ము దింపిన యేడు మాకు తరువాత ఎక్కడను తిరిగి దొరకలేదు.

2018 జనవరిలో తమ్ముడు సందర్శన వీసా తెప్పించగా మేము కువైటు చూచి వచ్చినాము. 27 ఏండ్ల తరువాత. చలిగాలి వీచుచున్నది. సముద్రపు ఒడ్డున 1979లో తెరచిన గోపురములు చిన్నప్పుడు చూచినట్లే ఉన్నవి. సాల్మియాలో మా వీధిని తేలికగనే కనుగొన్నాము. సముద్రమునకు వీపు చేసి నిలుచున్నచో కాళ్లకే దారి తెలిసినది. బడి ఉన్న ఇల్లు లేదు. అచ్చట ఆరంతస్తుల భవనము ఉన్నది. అంతవరకు ఆశ్చర్యము లేదు. ఇండ్లు కూలుట కరీంనగరములోను ఉన్నది.

మేము ఎదురు చూడనిది మరొకటి. మూలమీది బకాలా, అనగా మన కిరాణా దుకాణము, మలయాళీలది. అందులో ఉన్నాయన 2003లో వచ్చినాడు. క్షౌరశాలలోని బంగ్లాదేశ్ మనిషి అతని తరువాత వచ్చినాడు. భవనపు కావలివానిని అక్కడ హారిస్ అందురు. ఆయన ఈజిప్టు వృద్ధుడు, వీధిలో అందరికంటె పాతవాడు. ఆయన వచ్చినది 1994లో. 1990కి ముందు ఇక్కడ బడి ఉండెనని మేము చెప్పగా మర్యాదగ విన్నాడు. నమ్మినాడో లేదో తెలియదు. ఆ వీధి జ్ఞాపకము అక్కడితో మొదలగుచున్నది. కువైటు జనములో మూడింట రెండు వంతులకు పైగా పరదేశీయులే. అందులో భారతీయులే సుమారు పది లక్షలు. వారందరును ఒకనాడు వెళ్లిపోవలసినవారే. వీధి ఉండును, మనుష్యులు మొత్తముగ మారిపోవుదురు.

మాకు అరబ్బీ చెప్పినామె కూడ వెళ్లిపోయినారు. యుద్ధమునకు ముందు ఆ దేశములో పాలస్తీనావారు సుమారు 4,00,000 ఉండిరి. బడులలో, ఆసుపత్రులలో, కార్యాలయములలో వారే. వారి నాయకులు సద్దాం హుసేను వైపు మొగ్గినారను ఆగ్రహము వలన 1991 తరువాత వారిలో పెక్కుమంది కువైటు విడిచి పోవలసి వచ్చినది. జోర్డానునకే ఎక్కువమంది పోయినారు. మేము బయటపడుటకు ఒక స్వదేశమున్నది. ఆమెకు అదియు లేదు.

కరీంనగరములో మా బడి ముందరి హోటలుకు ఇప్పుడు పోయినను, గల్లాపెట్టె దగ్గరి మనిషి తల ఎత్తి "నువ్వు ఫలానా తాత మనుమనివి గాదె?" అని అడుగును. మేము ఆ బడిలో ఉన్నట్లు మేము ఋజువు చేయనక్కర లేదు. సాల్మియా బడిలో మేము ఉన్నట్లు చెప్పగలవారు సాల్మియాలో లేరు. వారు త్రిస్సూరులో, మడగావులో, అమ్మానులో, కడపలో ఉన్నారు. చదువుకొన్న దేశమునకు తిరిగి పోవుటన్నచో మావంటివారు నిజముగ పోవలసినది ఆ ఊళ్లకు. ఇది మాకు కువైటు వీధిలో చలిలో నిలిచియున్నపుడు తోచినది. టికెట్టు డబ్బులు ఖర్చైన తరువాత తోచినది.

కావున మరుసటి యేడు కడపకు పోయినాము. మా తరగతిలోని రెండవ తెలుగు పిల్లవాడు అక్కడ ఎరువుల దుకాణము నడుపుచున్నాడు. 1990లో వారి కుటుంబము జూలైలోనే సెలవుకు వచ్చియున్నందున వారి పెట్టెలు నష్టపడలేదు. భోజనమైన తరువాత అతడు మూడవ తరగతి ఛాయాచిత్రము తెచ్చి చూపినాడు. మూడు వరుసలు, మధ్యన అరబ్బీ చెప్పునామె. వెనుక ఆమెయే వరుసగా పిల్లలందరి పేర్లు అరబ్బీలో వ్రాసి ఇచ్చినారట. అక్షరములు కూడబలుకుకొని మా పేరు పట్టుకొన్నాము. మా పేరు 'ప'తో మొదలగును. ఆమె 'బే' వ్రాసినారు. తాతగారు ఉన్నచో చూపియుందుము. తమ్ముని పేరు కూడ 'ప'తోనే మొదలగును. అతని నేటి సివిల్ ఐడీ కార్డుపైనను 'బే' అనియే ఉన్నది.